రాజీనామా తర్వాత ప్రేమ్‌చంద్

ఏటా జూలై 31 వచ్చేసరికి మన కళాశాలల్లో ప్రేమ్‌చంద్ జయంతి సభలు జరుగుతాయి. ఆ సభల్లో తప్పకుండా వినిపించే మాట ఒకటుంది: గాంధీజీ పిలుపు అందుకుని ప్రేమ్‌చంద్ సర్కారు ఉద్యోగాన్ని తృణప్రాయంగా త్యజించాడని. కిందటేడు మా కళాశాలలో హిందీ శాఖవారు జరిపిన సభలో ముగ్గురు వక్తలూ ఆ మాట అన్నారు. తెలుగు లెక్చరర్ని గదా అని నన్ను అధ్యక్షుడుగా కూర్చోబెట్టారు. ముగింపు పలుకుల్లో నేనూ అదే మాట అన్నాను. అంటుండగానే అది గొంతులో అడ్డుపడింది.

కారణం దాచుకోవలసింది కాదు. ఆ సభకు నెలన్నర ముందు నేనొక రాజీనామా ఉత్తరం వ్రాసి బల్లసొరుగులో పెట్టుకున్నాను. వేసవి సెలవుల్లో ఊరూరా తిరిగి విద్యార్థుల్ని చేర్పించుకు రమ్మని, తలకింతమంది అని లెక్కగట్టి, యాజమాన్యం మమ్మల్ని పంపింది. ఒక కౌలురైతు ఇంటి అరుగుమీద కూర్చుని, ఫీజు రీయింబర్స్‌మెంట్ గురించి నాకే నమ్మకం లేని భరోసాలు ఆయనకిచ్చి, దరఖాస్తు మీద వేలిముద్ర వేయించుకుని వచ్చాను. ఆ రాత్రే ఉత్తరం వ్రాశాను. ఈ బ్రతుకు చాలు, చదువుకుంటూ వ్రాసుకుంటూ ఎలాగో బ్రతుకుదామనుకున్నాను. అయితే ఉత్తరం ఇవ్వలేదు. ఇంటద్దె, పిల్లవాడి బడి, అమ్మ మందులు, ఇవేవీ నాకు గడ్డిపరకల్లా కనిపించలేదు. మరి ప్రేమ్‌చంద్‌కు కనిపించాయా? ఈ ప్రశ్నతో ఆయన జీవితాన్నీ కథల్నీ మళ్ళీ చదివాను. చదివిన తర్వాత నాకు తోచిందేమంటే, ఆ ‘తృణప్రాయం’ అన్న మాట ప్రేమ్‌చంద్‌ను గౌరవించడం లేదు, దాచిపెడుతోంది.

మనకా మాట ఎక్కడినుంచి వచ్చిందో ఊహించడం కష్టం కాదు. పోతన రాజాశ్రయాన్ని కాలదన్ని హలం పట్టాడన్న కథ తరతరాలుగా చెప్పుకుంటున్నాం. వదిలిపెట్టడమే గొప్పతనమనీ, వదిలిన క్షణంతో కథ ముగిసిందనీ మనకు అలవాటైపోయింది. ఆ తర్వాత పొలం ఎవరు దున్నారు, వాన లేని ఏడు ఆ ఇంట్లో పొయ్యి ఎలా వెలిగింది అని ఎవరూ అడగరు. ఆ పాత అచ్చులోనే ప్రేమ్‌చంద్‌నూ పోస్తున్నాం.

ఉద్యోగం సంగతి ముందు చూద్దాం. బెనారస్ దగ్గర లమహీ గ్రామంలో 1880లో పుట్టిన ధన్‌పత్‌రాయ్‌కు 1899లో దొరికిన మొదటి బడిపంతులు పని జీతం 18 రూపాయలు. మరుసటి ఏడే సర్కారు కొలువులో చేరాడు. ఉపాధ్యాయుడుగా, పాఠశాలల సబ్ డిప్యూటీ ఇన్‌స్పెక్టరుగా, మళ్ళీ ఉపాధ్యాయుడుగా ఇరవై ఏళ్ళు పనిచేశాడు. 1908లో వచ్చిన ఆయన తొలి కథల సంపుటి ‘సోజే వతన్’లో రాజద్రోహం ఉందని హమీర్‌పూర్ కలెక్టరు పిలిపించి మందలించాడు. ప్రతులు తగలబెట్టించారు. అంతవరకు నవాబ్‌రాయ్ పేరుతో వ్రాస్తున్న మనిషి ఇక ఆ పేరుతో వ్రాయడానికి వీల్లేకపోయింది. ‘జమానా’ సంపాదకుడు దయానారాయణ్ నిగమ్ సూచించగా ప్రేమ్‌చంద్ అయ్యాడు. ఇక్కడ ఒక విషయం గమనించాలి. మనం జయంతి సభల్లో కీర్తించే ఆ పేరు ఉద్యోగం పోతుందన్న భయం పెట్టిన పేరు. ఆ భయాన్ని పదేళ్ళకు పైగా మోసిన మనిషికి ఉద్యోగం గడ్డిపరక ఎలా అవుతుంది?

1921 ఫిబ్రవరి 8న గోరఖ్‌పూర్‌లో గాంధీజీ ఉపన్యాసం విన్నాడు. వారం తిరిగేసరికి రాజీనామా చేశాడు. ఆ వారంలో జరిగిన దాన్ని మనకు చెప్పింది ఆయన భార్య శివరాణీదేవి. ఆమె తర్వాత వ్రాసిన ‘ప్రేమ్‌చంద్ ఘర్ మే’ అనే జ్ఞాపకాల పుస్తకం లేకపోతే మనకు ఆ ఉపన్యాసమూ రాజీనామా తప్ప మధ్యనున్న ఇల్లు కనపడేది కాదు. భర్త ఆరోగ్యం బాగాలేదు. ఇద్దరు పిల్లలున్నారు. ఆ ఏడాదే అమృత్‌రాయ్ పుట్టాడు. వదిలెయ్యనా అని భర్త అడిగితే ఆమె వెంటనే తల ఊపలేదు. కొంత వ్యవధి అడిగి, ఆలోచించుకుని, వదిలెయ్యమని చెప్పింది. ఈమె సామాన్యురాలు కాదు. తాను కథలు వ్రాసింది, 1930లో విదేశీ వస్త్రాల దుకాణాల ముందు పికెటింగు చేసి జైలుకు వెళ్ళింది. రాజీనామా మీద సంతకం ఒకరిదే గాని నిర్ణయం ఇద్దరిది. ‘తృణప్రాయం’ అనేవాళ్ళు మొదట తుడిచేసేది ఈమెనే.

ఇక కథల దగ్గరకు వద్దాం. ఉద్యోగం వదలడమనే విషయం మీద ప్రేమ్‌చంద్ ఒకసారి కాదు, అనేకసార్లు వ్రాశాడు. ఆ కథల్ని వరసలో పెట్టి చూస్తే ఆయన ఆలోచన ఎక్కడ బయలుదేరి ఎక్కడికి చేరిందో స్పష్టపడుతుంది.

‘నమక్ కా దారోగా’ ఉద్యోగంలో ఉన్న రోజుల్లో వ్రాసింది. వంశీధర్ ఉప్పు శాఖలో దారోగా. దొంగచాటుగా ఉప్పు బండ్లు తోలిస్తున్న అలోపీదీన్ అనే ధనవంతుణ్ణి పట్టుకుంటాడు. నలభై వేలు లంచం ఇస్తానన్నా లొంగడు. కోర్టులో అలోపీదీన్ నిర్దోషిగా బయటపడతాడు, వంశీధర్ ఉద్యోగం ఊడుతుంది. చివరికి ఆ అలోపీదీనే ఇంటికి వచ్చి, నీవంటి నిజాయితీపరుడు కావాలి అని, తన ఆస్తిమొత్తానికి మేనేజరుగా నియమిస్తాడు. మన పాఠ్యగ్రంథాల్లో దీనికి నీతి ‘సత్యమే గెలుస్తుంది’. నిజానికి గెలిచిందెవరు? నిజాయితీని కూడా జీతానికి కుదుర్చుకోగలిగిన అలోపీదీన్. సర్కారు కొలువునుంచి షావుకారు కొలువులోకి మారడం తప్ప వంశీధర్‌కు మరో దారి కథకుడికి అప్పటికి కనపడలేదు. తాను ఉద్యోగంలో ఉంటూ ఉద్యోగం అవతల ఏముందో ఊహించిన మనిషి కథ అది.

‘లాల్ ఫీతా’ రాజీనామా చేసిన 1921లోనే వచ్చింది. దేశోద్యమాన్ని అణచడానికి తోడ్పడమన్న సర్కారు ఉత్తర్వు అందగానే ఒక మేజిస్ట్రేటు ఉద్యోగం వదిలేస్తాడు. ఉద్దేశం ఉదాత్తమైనది. కథగా మాత్రం ఇది బలహీనం. ప్రచారం ఉన్నందువల్ల బలహీనమని నేననడం లేదు, ఆ ఆరోపణ చేసేవారు వేరే ఉన్నారు. రాజీనామా ఇచ్చిన మర్నాడు ఆ మనిషి ఏం తింటాడన్నది రచయితకు ఇంకా అనుభవంలోకి రాలేదు కనుక బలహీనం. రాజీనామా సిరా ఇంకా ఆరని చేత్తో వ్రాసిన కథ అది.

తర్వాత వచ్చిన ‘ఇస్తీఫా’లో మేజిస్ట్రేటు లేడు. ఫతేచంద్ అనే గుమాస్తా ఉన్నాడు. దొర తిట్టి చెవులు మెలిపెడితే నోరెత్తకుండా ఇంటికి వస్తాడు. భార్య శారద నిలదీస్తుంది. అతడు కర్ర పట్టుకుని వెనక్కు వెళ్ళి దొరచేత క్షమాపణ చెప్పించుకుని, రేపు రాజీనామా పంపుతాను అని వస్తాడు. ఇందులో నేల కాస్త దగ్గరైంది. గుమాస్తాకు దొరికినది దేశసేవా కీర్తి కాదు, వెన్నెముక. అయినా కథ ఇంకా ఆ రాత్రితోనే ఆగింది. గుమాస్తాకు కనీసం రాజీనామా పంపడానికి ఒక కచేరీ అయినా ఉంది.

1930లో వచ్చిన ‘పూస్ కీ రాత్’తో ఆ కచేరీ కూడా మాయమైంది. హల్కూ ఒక పేదరైతు. కంబళికోసం కూడబెట్టిన మూడు రూపాయలూ బాకీవాడికి ఇచ్చేస్తాడు. అతని భార్య మున్నీ, ఈ సేద్యం ఎందుకు వదిలెయ్యవు అని కథ మొదట్లోనే అడుగుతుంది. పుష్యమాసపు చలిలో, జబ్రా అనే కుక్కను కౌగలించుకుని చేను కాస్తూ, ఆకులు పోగేసి మంట కాచుకుని, ఆ వెచ్చదనం వదిలి లేవలేక, నీల్‌గాయిలు చేనంతా మేస్తున్న చప్పుడు వింటూ పడుకుంటాడు. తెల్లారాక మున్నీ నెత్తి కొట్టుకుంటుంది, ఇక కూలికి పోయి శిస్తు కట్టాలని. హల్కూ ముఖం మాత్రం ప్రసన్నంగా ఉంటుంది. ఇక రాత్రిళ్ళు ఈ చలిలో పడుకోనక్కర్లేదు గదా!

ఈ ముగింపు మీద అభ్యంతరాలు లేకపోలేదు. హల్కూ పోరాడడు, చైతన్యం లేనివాడు, రైతును ఇంత నిస్సహాయంగా చూపడం అభ్యుదయం ఎలా అవుతుందని ఒకప్పుడు నా సహాధ్యాయులూ నేనూ వాదించుకున్నాం. ఇప్పుడు ఆ వాదన వెనక్కు తీసుకుంటున్నాను. హల్కూ ప్రసన్నత ఒక రాజీనామా. ఎవరికీ ఇవ్వడానికి వీల్లేని రాజీనామా. జీతమూ పింఛనూ లేని పనినుంచి, ఆత్మగౌరవం తప్ప మరేమీ మిగలని పనినుంచి, మనిషి బయటపడి సంతోషించే స్థితి వచ్చిందంటే ఆ పనిమీద అంతకంటే పెద్ద అభియోగపత్రం ఎవరు వ్రాయగలరు? మేజిస్ట్రేటు రాజీనామా పాలకుణ్ణి ప్రశ్నించింది. హల్కూ రాజీనామా శిస్తునూ వడ్డీనీ మొత్తం భూమి వ్యవస్థనూ ప్రశ్నించింది.

తొమ్మిదేళ్ళలో మేజిస్ట్రేటు నుంచి హల్కూ దాకా ప్రేమ్‌చంద్ ఎలా వచ్చాడు? ఉద్యోగం వదిలాక తీరిక దొరికింది గనుక ప్రతిభ వికసించిందని చెప్పేవారున్నారు. ఈ మాట వాస్తవానికి చాలా దూరం. రాజీనామా చేశాక ఆయన చరఖాలు చేయించి అమ్మించే పనిలో దిగాడు. అది సాగలేదు. ఆ ఏడాదే కాన్పూరులో ఒక ప్రైవేటు పాఠశాలలో ప్రధానోపాధ్యాయుడుగా చేరాడు. యాజమాన్యంతో సరిపడక 1922లో అదీ వదిలాడు. 1923లో బెనారస్‌లో సరస్వతీ ప్రెస్సు పెట్టాడు. అది అన్నం పెట్టకపోగా ఆయన వ్రాసి సంపాదించినది తిన్నది. దాన్ని పోషించడానికి లక్నో వెళ్ళి ‘మాధురి’ పత్రికలో జీతానికి చేరాడు. 1930లో సొంతంగా ‘హంస్’ పెట్టాడు, 1932లో ‘జాగరణ్’ చేపట్టాడు. రెండూ నష్టమే. సర్కారు ధరావతు అడిగిన సందర్భాలు అదనం. అప్పు తీర్చడానికి 1934లో బొంబాయి వెళ్ళి అజంతా సినీటోన్‌లో సినిమా కథలు వ్రాసే ఒప్పందం చేసుకున్నాడు. ఏడాది తిరక్కుండానే విసిగి వెనక్కు వచ్చాడు.

ఈ పట్టికలో తీరిక ఎక్కడుంది? స్వేచ్ఛ ఎక్కడుంది? అల్వార్ మహారాజా నెలకు 400 రూపాయలు ఇస్తాను, వచ్చి ఉండమంటే వెళ్ళలేదన్నది నిజమే. ఆ నిరాకరణలో స్వేచ్ఛ ఉంది. కాని మిగతా రోజులన్నీ ప్రూఫులు, కాగితం బాకీలు, పోస్టేజీ లెక్కలు, రావలసిన చందాలు. సర్కారు చేతినుంచి బయటపడి సంత చేతిలో పడ్డాడు. మధ్యతరగతి మేధావికి ఉద్యోగం ఒక గోడ. గోడ ఉన్నంతకాలం సంత గాలి తెలియదు. గోడ దూకినవాడికి తెలిసింది: నెల మొదటి తేదీన జీతం రాని మనుషులు ఎలా బ్రతుకుతారో, వడ్డీ ఎలా పెరుగుతుందో, అప్పులవాడి అడుగుల చప్పుడు ఎలా ఉంటుందో. హల్కూను ఆయన పల్లెలో పుట్టినందువల్ల ఎరుగును. హల్కూ చలిని మాత్రం ఈ తొమ్మిదేళ్ళు నేర్పాయి.

ఇంకొక సంగతి కూడా చెప్పక తప్పదు. మన సభల్లో దీన్ని ఎవరూ ఎత్తరు. బొంబాయిలో ఆయన వ్రాసిన చిత్రం పేరు ‘మజ్దూర్’. మిల్లు కార్మికుల కథ. అందులో ఆయన ఒక చిన్న వేషం కూడా వేశాడు. బొంబాయిలో ఆ చిత్రాన్ని నిషేధించారు. ఆ కాలంలోనే బెనారస్‌లో, జీతాలు అందక, ఆయన సొంత ప్రెస్సు కార్మికులు సమ్మె చేశారు. ఎవరి బానిసగానూ ఉండనని కొలువు వదిలిన మనిషి మరికొందరికి జీతం బాకీపడిన యజమాని అయ్యాడు. ఆయన దుర్మార్గుడై కాదు. ఒక్కడుగా బయటికి వచ్చి సంతలో నిలబడాలంటే, ఎంత మంచివాడికైనా సంత ఇచ్చే వేషాలు రెండే: కూలి, యజమాని.

ప్రేమ్‌చంద్ గొప్పతనం ఈ సత్యం దగ్గర కళ్ళు మూసుకోకపోవడంలో ఉంది. 1936లో వచ్చిన ‘గోదాన్’ చూడండి. అందులో ఓంకార్‌నాథ్ అనే పత్రికా సంపాదకుడున్నాడు. దేశభక్తి సంపాదకీయాలు వ్రాస్తాడు. హోరీ మీద వేసిన జుల్మానా సంగతి తెలిసి రాయసాహెబును బయటపెడతానని లేస్తాడు. చందాల రూపంలో డబ్బు రాగానే కూర్చుంటాడు. సొంత పత్రిక నడిపి నష్టపోతున్న మనిషి ఈ పాత్రను కల్పించాడు! తన వృత్తి తనను ఎక్కడ కొనగలదో అక్కడే వేలుపెట్టి చూపించాడు. అదే నవలలో మెహతా అనే ఫిలాసఫీ ప్రొఫెసరు ఉన్నాడు. రైతుల మీద జాలి ఒలకబోసే రాయసాహెబును ముఖం మీదే అడుగుతాడు, నమ్మినదాన్ని ఆచరణలో పెట్టవేమని. మెహతా తన ఉద్యోగం వదలడు. వదలనందుకు రచయిత అతన్ని తక్కువ చేయడు. హోరీ మాత్రం, కూలివాడై, వడగాలిలో పనిచేస్తూ కూలిపోతాడు. కొడుకు గోబర్ ఊరు వదిలి లక్నో చేరి చివరికి చక్కెర మిల్లు కార్మికుడై సమ్మెలో దెబ్బలు తింటాడు. పల్లెను వదిలినవాడికి పట్నంలో విముక్తి సిద్ధంగా లేదు. సమ్మె ఉంది, తోటివాళ్ళున్నారు. అంతే.

ఆ ఏడాది ఏప్రిల్‌లోనే లక్నోలో అఖిల భారత అభ్యుదయ రచయితల సంఘం మొదటి మహాసభకు ప్రేమ్‌చంద్ అధ్యక్షత వహించాడు. అక్టోబరు 8న మరణించాడు. 1943లో తెనాలిలో మన అభ్యుదయ రచయితల సంఘం ఏర్పడినప్పుడు అందుకున్నది ఆ దారినే. పదమూడేళ్ళు ఒంటరిగా ప్రెస్సు మోసిన మనిషి ఆఖరి సంవత్సరంలో రచయితలకు ఒక సంఘం కావాలన్న చోటికి వచ్చి నిలబడటం కాకతాళీయమని నేననుకోను.

మన ఉన్నవ లక్ష్మీనారాయణగారిని కూడా ఈ కోవలో తలుచుకోవాలి. అదే సహాయ నిరాకరణ గాలిలో బారిస్టరు వృత్తి వదిలారు. పల్నాటి పుల్లరి ఉద్యమంలో జైలుకు వెళ్ళారు. జైలులో ‘మాలపల్లి’ వ్రాశారు. గుంటూరులో స్త్రీల చదువుకోసం శారదానికేతనం నిలబెట్టడంలో లక్ష్మీబాయమ్మగారి పాలు ఎంతమాత్రం తక్కువ కాదు. వారి నల్లకోటు గురించి ఇవాళ ఎవరికి పట్టింది? కోటు విప్పి ఎవరి గుడిసెలోకి వెళ్ళారన్నదే ‘మాలపల్లి’ని నిలబెట్టింది.

అయితే ప్రేమ్‌చంద్ రాజీనామా పొరపాటంటావా అని ఒక విద్యార్థి మిత్రుడు నన్నడిగాడు. కానే కాదు. తన ప్రజల మీద కర్ర ఎత్తిన సర్కారుకు పనిచేయనని చెప్పడం అప్పుడు రాజకీయ చర్య. వేలమంది కలిసి చేసిన చర్య. నేను కాదంటున్నది ఇవాళ చెలామణిలో ఉన్న దాని నకలును. పెద్ద జీతం వదిలి, పొలం కొనుక్కుని, మనశ్శాంతి పొందానని చెప్పేవారి ప్రసంగాలు మా కళాశాలలోనూ పెట్టిస్తున్నారు. పిల్లలు చప్పట్లు కొడుతున్నారు. ఆ వక్తల మంచితనాన్ని నేను శంకించను. పొలం కొనుక్కోగలిగినవాడు సేద్యంలోకి రావడమూ, పొలం లేనివాడు సేద్యం వదిలిపోవడమూ ఒకే ఊళ్ళో ఒకే ఏడు జరుగుతున్నాయి. మొదటిదానికి సభలు, రెండోదానికి సభ లేదు.

నేను వేసవిలో కూర్చున్న అరుగు ఇప్పుడు నాకు వేరుగా కనిపిస్తోంది. ఆ కౌలురైతు కొడుకును చదువుకు పంపుతూ అన్నాడు, “వీడికి ఈ పని వద్దయ్యా, నాతోనే సరి.” ఆయన వేలిముద్ర వేసి నా చేతికిచ్చిన కాగితం దరఖాస్తు అనుకున్నాను. అది ఆయన రాజీనామా. దాన్ని సంచిలో పెట్టుకొచ్చిన నేను ఆ రాత్రి కూర్చుని వ్రాసింది నా రాజీనామా! రెండింటినీ పక్కపక్కన పెట్టి చూసుకునే బుద్ధి అప్పుడు కలగలేదు.

మా శాఖలో ఒక గెస్టు లెక్చరర్ ఉంది. గంటకింత అని జీతం, వేసవిలో సున్న. నా ఉత్తరం సంగతి ఆమెకు చెప్పాను. ఆమె నొచ్చుకోలేదు, మెచ్చుకోలేదు. “మీరు వెళ్తే ఆ పోస్టు నింపరు సార్. మీ పీరియడ్లు నాకిస్తారు, గంట లెక్కన. నాకు నాలుగు డబ్బులు ఎక్కువొస్తాయి. మన శాఖలో మాత్రం జీతం ఉన్న మనిషి ఒకడు తగ్గుతాడు,” అంది. ఇంతకు ముందు రిటైరైనవారి పోస్టులు మా కళాశాలలో నింపలేదు. నా ఆత్మగౌరవం వల్ల యాజమాన్యానికి ఒక జీతం మిగులుతుందన్న సంగతి నా ఉత్తరంలో ఎక్కడా లేదు.

ఇంటికి వెళ్ళి ఆ ఉత్తరం మళ్ళీ చదివాను. మొదటి వాక్యమే ‘వ్యక్తిగత కారణాలవల్ల’ అని మొదలవుతోంది. అందరూ అలాగే వ్రాస్తారు కనుక నేనూ వ్రాశాను. ఆ రెండు మాటలూ కొట్టేశాను. కొట్టేశాక వాటి స్థానంలో వ్రాయవలసిన కారణాలు పేజీ పట్టలేదు: వేసవి లెక్కలు, నింపని పోస్టులు, గంట జీతాలు, అరుగుమీద ఇచ్చిన భరోసాలు. అవి ఒక్కడి సంతకంతో ఇవ్వవలసిన కారణాలు కావనిపించింది. ఇప్పుడా కాగితం మా లెక్చరర్ల గదిలో చేతులు మారుతోంది. కింద ఏడు సంతకాలున్నాయి, గెస్టు లెక్చరర్ సంతకంతో కలిపి. రాజీనామా అన్న శీర్షిక ఎవరో కొట్టేసి, విజ్ఞాపన అని వ్రాశారు.

దీనితో ఉద్యోగం నిలుస్తుందో పోతుందో చెప్పలేను. పోతే ప్రేమ్‌చంద్ ప్రెస్సు నాకు గుర్తుంది గనుక భ్రమలుండవు. ఈసారి జయంతికి నన్ను మళ్ళీ పిలిస్తే, ‘తృణప్రాయం’ అన్న మాట మాత్రం అనను. ఆయన వదిలినది గడ్డిపరక కాదనీ, వదిలాక పట్టుకున్నది అంతకంటే బరువైనదనీ చెబుతాను.